కదిరి అవ్వ ఇంట మూడు రోజులు

గత సెప్టెంబరు నెలలో మేమిద్దరం కదిరి వెళ్లి వచ్చాం. చూడవలసినవి చూసి రావడానికి చేసిన ప్రయాణం కాదది. ఇంట్లో ఒక కష్టం ఉండి, దానికి దారి కనబడక వెళ్లాం. అందుచేత ఈసారి కదిరి ఊరి విశేషాలు తక్కువగాను, ఒక పల్లెటూరి ఇంటి పెరడు సంగతి ఎక్కువగాను వ్రాస్తున్నాం. పాఠకులు మన్నించాలి.

మా కష్టం ఏమిటో ముందు చెప్పాలి. మా అమ్మకు 81వ ఏడు. ఐదేళ్లుగా డిమెన్షియా అనే మతిమరుపు జబ్బుతో ఉంది. మొదట తాళంచెవులు మరచింది, తరువాత వీధి మరచింది, ఆ తరువాత మా పేర్లు మరచింది. అవన్నీ ఓర్చుకొన్నాం. ఒంటికి పోవడం మీద అదుపు తప్పినప్పుడు మాత్రం మా చేత కాలేదు. తడిసిన బట్ట మార్చబోతే మార్చనిచ్చేది కాదు. కొట్టేది, రక్కేది, "దొంగలు, దొంగలు" అని వీధంతా వినబడేలా అరిచేది.

రెండేళ్ల క్రితం ఆమెను ఒక పట్టణంలో వృద్ధుల సంరక్షణ గృహంలో చేర్చాం. ఏ గృహమో ఇక్కడ అవసరం లేదు. మూడో నెలలో ఒక ఆదివారం చూడబోతే అమ్మ రెండు మణికట్ల మీద వేళ్ల అచ్చులు నల్లగా కనబడ్డాయి. అడిగితే అక్కడి ఆయా దాచలేదు. "ఏం చేయమంటారమ్మా? తెల్లవారేలోగా పన్నెండు మందిని శుభ్రం చేయాలి. మేమిద్దరమే. ఒకరు చేతులు పట్టుకొంటేనే గదా ఇంకొకరు మార్చగలిగేది" అంది. ఆమె కఠినురాలు కాదు, అలసిపోయిన మనిషి. ఆ రోజే అమ్మను ఇంటికి తెచ్చుకొన్నాం. కాని ప్రియ పాఠకులారా, దాచకుండా చెప్పాలంటే, ఇంట్లో మేమూ అదే చేశాం. ఒకరం చేతులు పట్టుకొన్నాం, ఇంకొకరం బట్ట లాగాం.

అటువంటి రోజుల్లో కదిరి దగ్గర పల్లెలో ఉన్న మా వదిన ఫోను చేసింది. ఆమె అత్తగారికి కూడా అదే జబ్బు. "ఒక్కసారి వచ్చి మా ముసలామెను సూడండి. నోటితో చెప్తే తెలిసేది గాదు" అంది. అమ్మ దగ్గర మా చెల్లెలిని ఉంచి బయలుదేరాం.

ఎర్రనేల, నల్లరాయి

అనంతపురంలో బస్సెక్కితే బత్తలపల్లి, ముదిగుబ్బ దాటి కదిరి వస్తుంది. దారి పొడుగునా ఎర్రనేల, గుండ్రాళ్లు పేర్చినట్టుండే గుట్టలు, వాటి నడుమ వేరుశనగ చేలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని సీమ ఇది. మేము వెళ్లేసరికి చేలు ఊడలు దిగే దశలో ఉన్నాయి. రైతులు తలెత్తి మబ్బులు చూస్తున్నారు. దేశమంతటి వేరుశనగ రైతులకు కదిరి పేరు కొత్త కాదు. ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టిన కదిరి–3, కదిరి–6 వంటి విత్తనాలు ఎక్కడెక్కడి మెట్ట పొలాలకో చేరాయి. ఊరిలోకి వెళితే మల్లెపూలు, కుంకుమ. ఈ రెండింటికీ కదిరి అంగడి పేరుపొందినది. 2022 ఏప్రిల్ నుంచి కదిరి అనంతపురం జిల్లాలో లేదు, పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అయినా ఇక్కడివాళ్లు ఇప్పటికీ "మాది అనంతపురం జిల్లా" అనే అంటారు.

వాన తప్పిన ఏడు ఈ పల్లెల నుంచి పడుచువాళ్లు బెంగళూరుకు పనికి పోతారు. సుమారు 150 కిలోమీటర్లే గదా. ఇంటికి ముసలివాళ్లు కాపలా ఉంటారు. మా అన్న కూడా బెంగళూరులో కట్టడం పనిలో మేస్త్రీ. పదిహేను రోజులకు ఒకసారి వస్తాడు. ఇంట్లో వదిన, ఎనభై దాటిన అవ్వ, బడికి పోయే పిల్ల.

వదిన మాకు రాగి సంగటి, ఊరిబిండి పెట్టింది. అవ్వ నులక మంచం మీద కూర్చుని మమ్మల్ని చూసి, "పెండ్లికి వచ్చినారా?" అని అడిగింది. అవునో కాదో తెలియక మేము తడబడితే, "వచ్చినారులే అత్తా, నిన్ను సూసి పోదామని" అంది వదిన. అవ్వ నవ్వింది.

తెల్లవారకముందు

మరునాడు నాలుగు గంటలకు చీకట్లో చెంబు చప్పుడైతే మెలకువ వచ్చింది. అవ్వ లేచి పెరటి తలుపు తడుముతోంది. వదిన అప్పటికే లేచి ఉంది. "యాడికి" అని అడగలేదు, "పడుకో" అనలేదు. ఆమె కూడా ఒక చెంబు తీసుకొని, "పా అత్తా, నేనూ వస్తా" అంది. ఇద్దరూ చీకట్లో కానుగ చెట్టు చుట్టూ నడిచి పెరటి మూలనున్న మరుగుదొడ్డికి చేరారు.

ఆ నడక వెనుక సంగతి వదిన తరువాత చెప్పింది. 2014లో మొదలైన స్వచ్ఛ భారత్ పథకం డబ్బుతో ఆ గది కట్టుకొన్నారు. లోపల తెల్లని పలకలు, పైన పెద్ద బల్బు, ఇనుప తలుపు. అవ్వ ఆరోగ్యంగా ఉన్నన్నాళ్లు ఎలాగో అలవాటు చేసుకొంది. మతి తప్పాక మాత్రం ఆ గది ఆమెకు మరుగుదొడ్డిగా కనబడడం మానేసింది. "ఇంట్లోనే పోతారా ఎవురన్నా? ఛీ!" అని గుమ్మం దగ్గరే నిలబడిపోయేది. పలకల మీద నీళ్లు మెరిస్తే గుంత అనుకొని అడుగు వేసేది కాదు. తలుపు ధన్‌మని పడితే దడుసుకొనేది. లోపలికి నెడితే తిరగబడేది. ఈ పెనుగులాటలో అక్కడే చీర తడిసేది.

"నాకు రోంతసేపు బుద్ధి పనిచేయలేదు. ఒకరోజు అనుకొన్యా, ఈమె అరవై ఏండ్లు ఎట్ల బతికింది? తెల్లారకముందు పోవాల, మళ్లీ పొద్దు గుంకినాకే పోవాల. పగలంతా బిగబట్టుకోవాల. ఆడదాని బతుకు అదే గదా ఈ సీమలో. తలకాయలో అన్నీ పోయినా ఆ కట్టుబాటు పోలేదు" అంది వదిన.

అప్పటి నుంచి ఆమె గదిని అవ్వకు తగినట్టు మార్చింది. ఇనుప తలుపు తెరిచిపెట్టి పాత చీరను తెరగా కట్టింది. బల్బు తీసేసి చిన్నది పెట్టింది. అవ్వ వెళ్లే ముందు నేల పొడిగుడ్డతో తుడుస్తుంది. మోకాళ్లు వంగవు కాబట్టి నడుమ రంధ్రం కోసిన ప్లాస్టిక్ కుర్చీ వేసింది. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లలో కీళ్లు బిగుసుకుపోయిన ముసలివాళ్లు చాలామంది ఉంటారు. గొంతుక్కూర్చోమంటే వాళ్లకు నొప్పి. ఆ నొప్పి చెప్పే మాట లేక చేయి విసురుతారు. కొట్టారని మనం అనుకొంటాం.

నీళ్ల సంగతి కూడా అంతే. పగలు నీళ్లు తాగితే పగలే పోవలసి వస్తుందని అవ్వ లోటా పక్కకు తోసేసేది. బట్టలు తక్కువ తడుస్తాయని వదిన కూడా మొదట్లో ఊరుకుంది. అది తప్పని జ్వరం వచ్చాక తెలిసింది. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మండుతుంది, సూక్ష్మజీవులు చేరతాయి, మలబద్ధకం వస్తుంది. ఇవన్నీ అదుపును ఇంకా చెడగొట్టేవే. ఇప్పుడు పగలంతా కొంచెం కొంచెంగా మజ్జిగ, అంబలి, నీళ్లు ఇస్తుంది. పడుకోబోయే రెండు గంటల ముందు మాత్రం తగ్గిస్తుంది.

గోడ మీద సంఘం క్యాలెండరులో పెన్సిలు గీతలు కనబడితే ఏమిటని అడిగాం. మూడు రోజులు వరుసగా, ఏ గంటకు తడిసిందో, ఏ గంటకు పోయిందో గుర్తు పెట్టిందట. నాలుగు గంటలకు, టీ తాగిన అరగంటకు, పదకొండుకు, అన్నం తిన్నాక, పొద్దు గుంకాక, పడుకొనేముందు. ఆ వేళలు పట్టుకొంది. ఆ వేళకు పది నిమిషాలు ముందే "పా అత్తా, నేనూ పోతాండా" అంటుంది. "వస్తుందా?" అని అడగదు. అడిగితే "రాలేదు" అనే జవాబే వస్తుంది.

దుప్పటి కింద

మేము చూడవలసినది ఆ మధ్యాహ్నం చూశాం.

పదకొండు గంటల వేళ పొరుగావిడ ఎవరో పిలిస్తే వదిన బయటికి వెళ్లింది. వచ్చేసరికి అవ్వ చీర తడిసింది. అవ్వ మంచం మీద ముడుచుకొని, కొంగు రెండు చేతులా బిగించి పట్టుకొంది. మా ఇంట్లో అయితే సరిగ్గా ఇక్కడే యుద్ధం మొదలయ్యేది.

వదిన గుమ్మంలోనే ఆగింది. వెనుక నుంచి రాలేదు. ఎదురుగా వచ్చి, మంచం కన్నా కిందికి వంగి కూర్చుంది. "అత్తా, ఎండ బాగా కాస్తాంది. బట్టలు ఉతుకుతాండా. నీ చీర గూడ ఇస్తే ఆరేస్తా."

"నాది తడవలా."

"తడిసిందని నేను అనలా అత్తా. దుమ్ము పట్టింది."

"ఇడుసుమే నన్ను!" అని అవ్వ చెయ్యి విసిరింది. వదిన మారు మాట్లాడకుండా లేచి వంటింట్లోకి వెళ్లింది. మేము కంగారు పడితే, "పది నిమిషాలు పోనీండి. నేను వచ్చిన సంగతి ఆమె మరుస్తాది. మరుపు మనకు గూడ అప్పుడప్పుడు మేలు చేస్తాది" అని గోరువెచ్చని నీళ్లు కలుపుకొంది.

రెండోసారి వచ్చినప్పుడు చేతిలో ఎండకు ఆరిన దుప్పటి ఉంది. ఎండ వాసన వేస్తోంది. "చలిగా ఉందా అత్తా" అంటూ ముందుగా దుప్పటిని అవ్వ భుజాల చుట్టూ కప్పి, రెండు అంచులు అవ్వ చేతికే ఇచ్చింది. అప్పుడు జరిగింది మేము మరువలేం. దుప్పటి లోపల అవ్వ చేతులే కదిలాయి. కొంగు జార్చాయి, కుచ్చిళ్లు లాగాయి. తడి చీర కాళ్ల దగ్గర పడింది. వదిన దుప్పటి కిందుగా తడిగుడ్డ ఒకటి అవ్వ చేతికిచ్చి, ఇంకొకటి తాను పట్టుకొని, చూపు పక్కకు తిప్పి, ముందు నుంచి వెనుకకు తుడిచింది. పొడిగుడ్డతో రుద్దకుండా అద్దింది. ఒడలు ఒరిసిపోకుండా కొంచెం వాసెలిన్ రాసింది. తొడగడానికి సులువుగా పాత నూలు చీరను సగం చేసి కుట్టిన లంగా, ముందు విచ్చే జాకెట్టు. చివరికి దుప్పటి తీసింది. అవ్వ ఒళ్లు ఒక్క క్షణం కూడా మా కంటబడలేదు.

బావుల దగ్గర, కుంటల దగ్గర స్నానం చేసే ఆడవాళ్లను పల్లెల్లో పెరిగినవాళ్లంతా చూశారు. ఆరిన బట్ట చుట్టుకొన్నాకనే తడిసినది కింద జారవిడుస్తారు. నలుగురిలో ఉండి కూడా ఎవరికీ కనబడకుండా బట్ట మార్చుకొనే ఆ నేర్పు అవ్వ చేతులకు ఎనిమిదేళ్ల వయసులో వచ్చి ఉంటుంది. కొడుకు పేరు పోయింది గాని ఆ నేర్పు పోలేదు. మేమైతే ముందు విప్పి తరువాత కప్పాలని చూశాం. సంరక్షణ గృహంలోనూ అలాగే చేశారు. మా అమ్మ దొంగలు అని అరిచింది అందుకే. ఒప్పించకుండా ఒంటి మీద బట్ట లాగే అపరిచితులను ఆమె ఇంకేమని పిలవగలదు?

ఆదికాండంలో నోవహు సంగతి మాకప్పుడు గుర్తుకొచ్చింది. తండ్రి స్పృహ లేక బట్టలేకుండా పడి ఉంటే షేము, యాపెతు ఒక వస్త్రం భుజాల మీద వేసుకొని వెనుకకు నడిచి వెళ్లి, ముఖం తిప్పుకొని కప్పారు. చిన్నప్పటి నుంచి విన్న కథే. దానిని ఒక పని చేసే పద్ధతిగా మేమెన్నడూ ఆలోచించలేదు.

వదిన దాచనిది

ఆ రాత్రి అవ్వ నిద్రపోయాక వదిన ఒక మాట చెప్పింది. ఏడాది క్రితం, పొలం పని నుంచి వచ్చిన ఒక సాయంత్రం, అవ్వ మలం అంటిన చీర విప్పి శనగకాయల గంపలో దాచిపెట్టింది. విత్తనం కొరకు ఉంచిన కాయలవి. వదిన చెంప మీద కొట్టింది. అవ్వ ఏడవలేదు, మంచం కిందికి పాక్కుంటూ పోయి అక్కడే కూర్చుంది. "మా అమ్మకు చెప్పొద్దుమే" అందట.

"ఆ పొద్దు నాకు తెలిసింది. ఆమె మొండి గాదు, సిగ్గుతో సచ్చిపోతాంది. దాచిపెట్టిందంటే తెలుస్తాందనే గదా. తెలియనోళ్లు దాచిపెడతారా?" అని వదిన కళ్లు తుడుచుకొంది. ఆమె మాట మమ్మల్ని కూడా తాకింది. అన్నీ మరచిన మనిషికి సిగ్గు మాత్రం ఏముంటుంది అని మేము అనుకొన్నాం. నిజానికి సిగ్గు చాలా ఆలస్యంగా పోతుంది.

వదిన పద్ధతి కూడా ప్రతిసారీ ఫలించదు. మూడో రోజు ఉదయం అవ్వకు విరేచనమై ఒళ్లంతా అంటింది. మూడుసార్లు వెళ్లినా దగ్గరకు రానివ్వలేదు. మలం చాలాసేపు అంటి ఉంటే చర్మం పుండు పడుతుంది, ఇక ఆగడానికి లేదు. అప్పుడు మాలో ఒకరు అవ్వ ఎదుట కూర్చుని ఆమె చేతిలో మెత్తని తువ్వాలు ఉంచి, మణికట్టు పట్టుకోకుండా అరచేతి కింద మన అరచేయి ఉంచి, పెండ్లి కబుర్లు అడుగుతూ ఉన్నాం. వదిన ప్రతి పనీ ముందుగా చెబుతూ, దుప్పటి తొలగించకుండా, నాలుగు నిమిషాల్లో ముగించింది. అవ్వ తిట్టింది. కాని కొట్టలేదు. ముగిశాక వదిన ఆమెకు బెల్లం ముక్క ఇచ్చింది.

మర్రిమాను

ఆ రోజు సాయంత్రం వదిన మమ్మల్ని పట్టుబట్టి తిమ్మమ్మ మర్రిమానుకు పంపింది. కదిరికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో గూటిబైలు దగ్గర ఉంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టు. సుమారు ఐదెకరాల నేల మీద పరచుకొంది. తిమ్మమ్మ అనే స్త్రీ జబ్బుపడిన భర్తకు అసహ్యించుకోకుండా సేవ చేసిందని, 1434లో అతని చితిలోనే ప్రాణం విడిచిందని ఇక్కడ చెప్పుకొంటారు. ఆ మరణాన్ని మేము మెచ్చుకోలేం. సేవ చేసే మనిషి కాలిపోవలసిన అవసరం లేదు. వదిన ముఖం గుర్తుకొచ్చి ఆ మాట మరీ గట్టిగా అనిపించింది. చెట్టును నిలబెట్టింది కూడా ఒక్క బోదె కాదు. వెయ్యికి పైగా ఊడలు కిందికి దిగి తలా కొంత బరువు మోస్తున్నాయి.

తెలిసినవారి సలహా

తిరిగి వచ్చేముందు కదిరిలో ఆసుపత్రి ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక నర్సమ్మగారిని కలిశాం. ఆమె చెప్పినవి, మేము తరువాత చదివినవి కలిపి ఇక్కడ ఇస్తున్నాం.

అదుపు హఠాత్తుగా తప్పితే మతిమరుపు వల్లనే అని సరిపెట్టుకోకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, చక్కెర వ్యాధి, మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి వాపు, కొత్తగా మొదలుపెట్టిన మాత్రలు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వీటికి చికిత్స ఉంది. మూత్రం ఆపడానికి ఇచ్చే కొన్ని మాత్రలు మతిమరుపును పెంచుతాయి, కాబట్టి డాక్టరును అడగకుండా వాడకూడదు. కదిరి ప్రాంతంవాళ్లకు బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రి దగ్గరే.

మగవారికి జిప్పు ప్యాంటు కన్నా లుంగీ మేలు. తండ్రికి కొడుకే చేయాలి. కోడలు చేస్తే ఆయన సిగ్గుతో తిరగబడతాడు. రాత్రి మంచం నుంచి మరుగుదొడ్డి వరకు చిన్న దీపం వెలగాలి. పెద్దవాళ్ల డైపర్లు ప్రయాణంలోను, రాత్రిళ్లు ఉపయోగపడతాయి. కాని పగలంతా అవే కట్టి వదిలేస్తే ఉన్న అదుపు కూడా పోతుంది. ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలు గుడ్డలు, కింద రబ్బరు షీటు చాలావరకు సరిపోతాయి.

స్నానం చేయనివ్వని వారికి తువ్వాలు స్నానం ఉంది. పెద్ద తువ్వాళ్లను వెచ్చని నీళ్లలో ముంచి పిండి, మంచం మీద ఉన్న మనిషిని మెడ నుంచి కాళ్ల వరకు కప్పి, ఆ తువ్వాలు మీదుగానే మెల్లగా ఒత్తుతూ తుడవడం. అమెరికాలో జోన్ రేడర్ అనే నర్సు, ఫిలిప్ స్లోన్ అనే వైద్యుడు మరికొందరితో కలిసి 15 నర్సింగ్ హోముల్లో దీనిని పరీక్షించారు. ఈ విధంగాను, మనిషి ఇష్టాన్ని బట్టి నెమ్మదిగా చేయించిన మామూలు స్నానంతోను, కొట్టడం తిట్టడం సగానికి పైగా తగ్గినట్టు 2004లో ప్రకటించారు. వాళ్లకు పరిశోధన వలన తెలిసింది వదినకు దుప్పటి వలన తెలిసింది. అర బకెట్టు నీళ్లతో అయిపోయే ఈ స్నానం కరవు సీమకు మరీ తగినది.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, ఈ జబ్బు ఉన్నట్టు 2023లో ప్రచురించిన ఒక అంచనా చెబుతోంది. పట్టణాల కన్నా పల్లెల్లో, మగవారి కన్నా ఆడవారిలో ఎక్కువ. కనుక ఇది ఏ పెద్దింటి జబ్బో కాదు. మన సంఘాల్లోనూ ఉంది, తలుపుల వెనుక ఉంది.

గృహంలో చేర్చేవారికి, సంఘాలకు

కన్నవారిని సంరక్షణ గృహంలో చేర్చడం పాపమని మేము అనం. చేసేవారు లేని ఇళ్లున్నాయి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కూడా జిల్లాకొక వృద్ధాశ్రమం ఉండాలని చెబుతోంది. చేర్చేముందు మాత్రం గోడల రంగు, భోజనం చూసి సరిపెట్టుకోకండి. ఇవి అడగండి. రాత్రి ఒక్క ఆయాకు ఎంతమంది? ప్రతి రోజూ అదే మనిషి వస్తుందా? బట్ట మార్చేటప్పుడు తెర ఉందా, కప్పుతారా? "వద్దు" అంటే ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు "కాసేపాగి మళ్లీ వెళతాం" అన్నచోట చేర్చండి. "మేము చూసుకొంటాం లెండి" అన్నచోట ఇంకొంచెం అడగండి. మీ పెద్దవారి అలవాట్లు ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వండి. ఏ వేళకు లేచేది, ఏమని పిలిస్తే పలికేది, చెంబు కావాలా, తెర కావాలా అన్నీ. ఆయాల మీద కోపపడేముందు వారికి ఎంతమంది ఉన్నారో లెక్క చూడండి.

సంఘాలకు ఒక మాట. వదిన ఏడు నెలలుగా ఆరాధనకు వెళ్లలేదు. ఎవరూ ఆమెను మరువలేదు, పరామర్శకు వచ్చారు, ప్రార్థన చేశారు, వెళ్లారు. ఆమెకు కావలసింది రెండు గంటలు. మేమున్న మూడో రోజు ఆదివారం. అవ్వ దగ్గర మేమిద్దరం కూర్చుని వదినను గుడికి పంపాం. తిరిగి వచ్చినప్పుడు తలలో మల్లెపూలున్నాయి, ఎవరో ఇచ్చారట. స్త్రీల సమాజం వారు వంతులు వేసుకొని ఇద్దరిద్దరు చొప్పున ఆదివారానికి ఒక ఇంట కూర్చుంటే చాలు. ముందుగా రెండుసార్లు వెళ్లి ముసలివారికి ముఖం అలవాటు చేయాలి. మర్రిమానుకు ఊడలు దిగినట్టు దిగాలి మనం. ఎవరూ లేనివారు 14567 నంబరుకు ఫోను చేస్తే వృద్ధుల సహాయవాణి వారు పలుకుతారు.

ఇంటికి వచ్చాక

ఇంటికి చేరిన రాత్రి అమ్మ చీర తడిసే ఉంది. చెల్లెలు ఏడుస్తూ కూర్చుంది. మేము దుప్పటి తెచ్చాం. ఎదురుగా కూర్చున్నాం. మొదటిసారి అమ్మ దుప్పటిని విసిరికొట్టింది. పది నిమిషాలాగి వెళ్లాం. రెండోసారి కూడా విసిరింది. మూడోసారి భుజాల మీద కప్పి, అంచులు ఆమె చేతికిచ్చి, మేము తలలు పక్కకు తిప్పుకొన్నాం.

చాలాసేపు ఏమీ కాలేదు. తరువాత బట్ట కదిలిన చప్పుడైంది. తడి చీర మా పాదాల దగ్గర పడింది.

అమ్మ ఇప్పటికీ కొన్నిసార్లు కొడుతుంది. వారంలో రెండు మూడు రోజులు మా పద్ధతి పారదు. కాని మణికట్ల మీద మచ్చలు పోయాయి, మళ్లీ రాలేదు. దొంగలు అనే కేక ఈ మధ్య వినబడలేదు. మొన్న బట్ట మార్చుకొన్నాక మమ్మల్ని చూసి, "మీరెవరమ్మా, మంచివాళ్లలా ఉన్నారు" అంది. పేరు గుర్తు లేకపోయినా ఆ మాట మాకు చాలు.